తొలుత పరీక్ష, పిదప మార్పు
హెడ్‌లైటు వెలగనప్పుడు రైతు చేయదగిన పని

(ఒక వ్యవసాయాధికారి, బి.ఎస్‌సి., అగ్రికల్చర్)

పేట్ బషీరాబాదు నుండి కొంపల్లి, మేడ్చల్ మీదుగా ఉత్తరమునకు సాగు నాగపూరు రోడ్డు ఒకప్పుడు ద్రాక్షతోటల నడుమ పోయెడి బాట. నేడది 44వ నెంబరు జాతీయ రహదారి. శామీర్‌పేట చెరువు ప్రక్కగా కరీంనగరు వైపు పోవు రాజీవ్ రహదారి సంగతియు ఇంతే. తోటలు తగ్గినవి, గోదాములును, ఇండ్లును, పెండ్లి మండపములును పెరిగినవి. అయినను ఈ ప్రాంతపు ఊళ్ళలో కాయగూరలు, ఆకుకూరలు, పూలు, పచ్చిమేత పండించు రైతులు ఇంకను ఉన్నారు. వీరి సరుకు బోయిన్‌పల్లి మార్కెట్టునకు తెల్లవారకముందే చేరవలెను. కోత పగటిపూట జరిగినను బండి కదలునది చీకటిలోనే. కావున ఈ రైతునకు బండి ఇంజను ఎంత ముఖ్యమో, బండి దీపము కూడ అంత ముఖ్యము.

ఇట్టి ముఖ్యమైన దీపము వెలగనప్పుడు మనవారు చేయు పనులు రెండు. మొదటిది, కాలిపోయిన ఫ్యూజు స్థానమున ఒక రాగితీగ చుట్టి బండిని రోడ్డెక్కించుట. రెండవది, దుకాణమువారు చెప్పినదే తడవుగా ఫ్యూజులు, రిలేలు ఉన్న పెట్టెనంతటిని, అనగా పవర్ మాడ్యూలును, తీసివేసి క్రొత్తది కొనుట. మొదటి పనికి ఖర్చు లేదు, రెండవ పనికి వేల రూపాయలగును. చూపునకు వేరైనను రెండింటి మూలము ఒక్కటే. దీపము ఏల ఆరినదో తెలిసికొనకయే చేయు పనులివి. పరీక్ష తొలుత, మార్పు పిదప అను నియమమును ప్రతి ట్రాక్టరు, ప్రతి సరుకుల బండి విషయమున పాటింపవలెననియు, ఆ పరీక్షలో చాల భాగము రైతే స్వయముగా చేసికొనగలడనియు నా అభిప్రాయము.

దీపము ఆరినచో ఏమగును?

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 105వ నిబంధన ప్రకారము, సూర్యాస్తమయమైన అరగంట తరువాతినుండి సూర్యోదయమునకు అరగంట ముందువరకు రోడ్డుపై నడచు ప్రతి మోటారు వాహనమునకు దీపములు వెలుగుచుండవలెను. ముందు 155 మీటర్ల దూరము వరకు మనుషులు, వాహనములు స్పష్టముగా కనబడవలెను. ఈ కొలత ఏదో కాగితముపై వ్రాసిన అంకె కాదు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున వచ్చు కారు, గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవు ట్రాక్టరును సెకనుకు దాదాపు 17 మీటర్ల చొప్పున సమీపించును. 155 మీటర్ల దూరముననే ట్రాక్టరు వెనుకదీపము కనబడినచో డ్రైవరునకు 9 సెకన్ల వ్యవధి చిక్కును. 30 మీటర్ల దగ్గరకు వచ్చిన పిదప కనబడినచో 2 సెకన్లు కూడ చిక్కవు.

ఇది హెడ్‌లైటు సంగతి కదా, వెనుకదీపమేల అని అడుగవచ్చును. ముందుదీపము చెడినదని విసిగి స్విచ్చి మొత్తముగా ఆర్పి, వీధిదీపముల వెలుతురున బండి నడుపువారు కలరు. అట్లు చేసినప్పుడు వెనుకదీపములు కూడ ఆరిపోవును. ముందు చెడినది ఒక్కటి, వెనుక ఆర్పినది రెండు. మార్గశిర, పుష్య మాసములలో మంచు కురియు వేకువలందు ఈ అలవాటు ప్రాణాంతకము.

పవర్ మాడ్యూల్ అనగానేమి?

పాత ట్రాక్టర్లలో బ్యాటరీ నుండి వచ్చిన కరెంటు స్విచ్చి గుండ తిన్నగా దీపమునకు పోయెడిది. దీపమునకు కావలసిన కరెంటంతయు స్విచ్చిలోనుండియే ప్రవహించుటచేత స్విచ్చి వేడెక్కి త్వరగా చెడెడిది. ఆ తరువాత రిలే వచ్చినది. రిలే అనగా చిన్న కరెంటుతో పెద్ద కరెంటును తెరచి మూయు సాధనము. చెరువు తూము దగ్గర నీరటి ఉండును. ఊరిపెద్ద ఒక్క మాట చెప్పిన చాలును, నీరటి తూమెత్తును, కాలువ నిండును. అట్లే స్విచ్చి ఆజ్ఞ ఇచ్చును, రిలే తలుపు తీయును, దీపమునకు కరెంటు పారును.

ఇప్పటి బండ్లలో ఫ్యూజులను, రిలేలను ఒకేచోట ఒక పెట్టెలో అమర్చుచున్నారు. కొన్ని బండ్లలో రిలేలకు బదులుగా చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్చులును, వాటిని నడపు చిన్న కంప్యూటరును కూడ ఆ పెట్టెలోనే ఉండును. దీనినే పవర్ మాడ్యూల్ అందురు. ఇట్టి బండిలో మనము నొక్కు స్విచ్చి ఒక సంకేతమును మాత్రమే పంపును. కరెంటు నిచ్చుట, అధికమైనచో నిలుపుట పెట్టె పని. ఈ సంగతి తెలియనందుననే దీపము ఆరినంతనే అందరి అనుమానము పెట్టెపైకి పోవుచున్నది. పెట్టె చెడదని నేననుట లేదు. కాని పెట్టెకు ముందు బ్యాటరీ కలదు, పెట్టెకు పిదప వైరు, కనెక్టరు, బల్బు, ఎర్తు కలవు. ఎండకు, వానకు, దుమ్ముకు, కుదుపునకు గురియగునవి ఎక్కువగా ఈ వెలుపలి భాగములే.

కాలువ వెంట నడచినట్లు నడువవలెను

చివరి మడికి నీరు చేరనప్పుడు రైతు ఏమి చేయును? పార భుజముపై వేసికొని తూము నుండి మడివరకు కాలువ గట్టున నడచును. నీరున్నచోటును దాటి, నీరు లేనిచోటు వచ్చువరకు చూచును. ఆ రెండింటి నడుమ గండి యున్నదని తెలిసికొనును. నీరు రాలేదని తూమును పగులగొట్టి క్రొత్త తూము కట్టించువాడెవ్వడును లేడు. హెడ్‌లైటు పరీక్ష కూడ ఇదే పద్ధతి. బ్యాటరీ తూము, దీపము మడి. ఒక్క భేదము మాత్రము కలదు. కరెంటు మడిలో ఇంకిపోదు, దీపము వెలిగించి ఎర్తు మార్గమున మరల బ్యాటరీకి చేరవలెను. కావున పోవు దారియేకాక తిరిగివచ్చు దారియును పరీక్షింపవలెను. మనవారు ఎక్కువగా మరచునది ఈ రెండవ దారినే.

ఇందుకు కావలసిన సామగ్రి స్వల్పము. ఒక మల్టీమీటరు, బండిలో వాడు తరగతుల ఫ్యూజులు రెండేసి, ఒక గరుకు కాగితము, ఒక స్క్రూడ్రైవరు, ఒక స్పానరు. బల్బునకు రెండు వైర్లు తగిలించి చేయు టెస్టు ల్యాంపు పాత ట్రాక్టర్లకు పనికివచ్చును. కాని కంప్యూటరు గల పెట్టెలున్న బండ్లలో దానిని వాడరాదు. అది లాగు కరెంటునకు సున్నితమైన భాగములు చెడవచ్చును. అక్కడ మల్టీమీటరే క్షేమము. మల్టీమీటరును వోల్టుల గుర్తుపై నుంచి మాత్రమే కొలువవలెను. ఆంపియర్ల గుర్తుపై నుంచి బ్యాటరీ కొనలకు తగిలించిన మీటరు కాలును, చేయి కూడ కాలవచ్చును.

మొదటి మెట్టు: లక్షణమును గమనించుట

వైద్యుడు నాడి చూచినట్లు, పనిముట్టు పట్టుకొనక ముందే దీపములను గమనింపవలెను. ఒక్క దీపమే ఆరి రెండవది బాగుగా వెలుగుచున్నచో, లోపము ఆ దీపపు బల్బునందో, దాని ఫ్యూజునందో, దాని వైరునందో ఉండును. రెండును ఒకేసారి ఆరినచో, రెండింటికిని ఉమ్మడియైన స్విచ్చి, రిలే, ప్రధాన ఫ్యూజులను చూడవలెను. లో బీము వెలిగి హై బీము వెలగనిచో డిప్పరు స్విచ్చిని, హై బీము రిలేను అనుమానింపవలెను. వెలుగు మందగించి, లో బీము వేసినను మీటర్ల పలకపై హై బీము గుర్తు మినుకుమినుకుమనుచున్నచో, అది చాలవరకు ఎర్తు తెగిన గుర్తు. తిరిగిపోవు దారి లేక కరెంటు రెండవ ఫిలమెంటు గుండ అడ్డదారి పట్టుటచే ఇట్లగును. గతుకులో దీపము ఆరి మరల వెలుగుచున్నచో కనెక్టరు వదులైనదని తెలియవలెను.

రెండవ మెట్టు: బ్యాటరీ

ఇంజను ఆపి కొంతసేపు విశ్రాంతి నిచ్చిన పిదప నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపవలెను. ఇంజను నడుచుచున్నప్పుడు సుమారు 13.8 నుండి 14.5 వోల్టుల వరకు ఉండవలెను. ఇంజను నడచుచున్నను 12 వోల్టుల దగ్గరనే యున్నచో బ్యాటరీకి ఛార్జి అగుటలేదు. అప్పుడు లోపము దీపములో లేదు, ఆల్టర్నేటరులోనో దాని బెల్టులోనో కలదు. 15 వోల్టులు దాటినచో రెగ్యులేటరు చెడినది, బల్బులు మాటిమాటికి కాలుటకు అదియే కారణము కావచ్చును. బ్యాటరీ కొనలపై తెల్లగానో పచ్చగానో చిలుము పట్టినచో వేడినీటితో కడిగి, తుడిచి, గట్టిగా బిగించి, పైన వాజలీను పూయవలెను.

మూడవ మెట్టు: ఫ్యూజు

ఫ్యూజు కాలుట రోగము కాదు, రోగము కలదని చెప్పు సాక్ష్యము. మోటారు కాల్చుకొనిన రైతునకు ఈ మాట విడమరచి చెప్ప నవసరము లేదు. బోరు మోటారు స్టార్టరు దగ్గర ఫ్యూజు పోయినప్పుడు సన్నతీగకు బదులు లావు తీగ కట్టినవాడు ఆ రాత్రి నీరు పారించుకొనును. కొన్నాళ్ళకు వైండింగు కాలి మోటారును బయటికి తీయించును. బండిలోనైనను అంతే. పైగా బండిలో ఆ తీగలు డీజిలు పైపుల ప్రక్కనే పోవుచుండును.

లెక్క చూడుడు. 55 వాట్ల బల్బు 12 వోల్టులపై సుమారు 4.6 ఆంపియర్లు తీసికొనును, రెండు బల్బులు 9 ఆంపియర్లకు మించును. వైరు లావు, ఫ్యూజు తరగతి ఈ లెక్క ననుసరించి నిర్ణయించినవి. బ్లేడు ఫ్యూజులలో ఎరుపు 10 ఆంపియర్లది, నీలము 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఎరుపు కాలినచోట ఆకుపచ్చది పెట్టుట అనగా, 10 ఆంపియర్లకు తెగవలసిన చోట 30 ఆంపియర్ల వరకు తెగనీయకుండుట. అప్పుడు ఫ్యూజునకు బదులు వైరే కాలును. 100 వాట్ల బల్బులు వేయువారు కూడ ఈ లెక్కను గమనింపవలెను. అట్టి బల్బులు రెండు 16 ఆంపియర్లకు పైగా లాగును, వైరు వేడెక్కును, హోల్డరు కరగును.

ఒక్కసారి కాలిన ఫ్యూజునకు బదులు అదే తరగతి ఫ్యూజు ఒకటి పెట్టి చూడవచ్చును. అది కూడ కాలినచో మూడవది పెట్టరాదు. వైరు ఎచ్చటనో ఒరసికొని ఇనుమునకు తగులుచున్నది. బల్బుల కనెక్టర్లు ఊడదీసి చూచినప్పుడు ఫ్యూజు నిలిచినచో దోషము బల్బునందో హోల్డరునందో కలదు. అప్పుడును కాలినచో పెట్టెకును దీపమునకును నడుమ వైరును అంగుళమంగుళము చూడవలెను. రేడియేటరు అంచు, బానెటు కీలు, స్టీరింగు కంబము క్రింది భాగము, ఇవి వైరు ఒరయు స్థలములు.

నాల్గవ మెట్టు: రిలే, స్విచ్చి

స్విచ్చి వేసినప్పుడు రిలేపై వ్రేలుంచినచో టక్కుమను చిన్న అదురు తెలియును. తెలిసినచో స్విచ్చి ఆజ్ఞ రిలేకు చేరుచున్నది. తెలియనిచో స్విచ్చినుండి రిలేవరకు గల భాగమునో, రిలే చుట్టనో అనుమానింపవలెను. ఇందుకొక సులువైన ఉపాయము కలదు. చాల పెట్టెలలో హారను రిలే, హెడ్‌లైటు రిలే ఒకే నెంబరు గలవి ఉండును. నెంబర్లు సరిచూచి రెండింటిని ఒకదాని స్థానమున మరొకటి పెట్టవలెను. దీపము వెలిగి హారను ఆగినచో రిలేయే దోషి. ఒక రిలే కొన్నచో సరిపోవును, పెట్టెను మార్చ నక్కరలేదు.

రిలే అడుగున కాళ్ళకు నెంబర్లుండును. 30వ నెంబరునకు బ్యాటరీ నుండి కరెంటు వచ్చును, 87వ నెంబరు నుండి దీపమునకు పోవును, 85, 86 నెంబర్లు రిలే చుట్టవి. సామాన్యముగా హెడ్‌లైటు రిలేలో 30 దగ్గర కరెంటు ఎల్లప్పుడు ఉండవలెను. అక్కడ లేనిచో లోపము పెట్టెకు ముందే కలదు. స్విచ్చి వేసినప్పుడు 30 దగ్గర ఉండి 87 దగ్గర లేనిచో లోపము రిలేలోనో, దానికి ఆజ్ఞ తెచ్చు వైరులోనో కలదు. 87 దగ్గర కూడ కరెంటు ఉన్నచో ఇక పెట్టెను వదలి దీపము దగ్గరకు పోవలెను.

ఐదవ మెట్టు: దీపము, ఎర్తు

ఈ మెట్టుననే మెకానిక్కులు సైతము మోసపోవుచుందురు. బల్బు ఊడదీసి హోల్డరులో మీటరు పెట్టినప్పుడు 12 వోల్టులు చూపును. వైరు బాగుగా ఉన్నదని తలతురు. బల్బు పెట్టినంతనే వెలుగు చాలదు. కారణమేమి? కాలువ చివర మడి మూసినప్పుడు, నడుమ ఎంత పూడిక యున్నను నిలువ నీరు ఒకే మట్టమునకు వచ్చును. పారునప్పుడే పూడిక బయటపడును. వైరులో ఒక్క పోగు మిగిలినను, కరెంటు పారనప్పుడు మీటరునకు 12 వోల్టులు కనబడును. కావున బల్బును తగిలించి, దీపము వేసి, కరెంటు పారుచుండగా మాత్రమే కొలువవలెను.

కొలత రెండు భాగములు. మొదట, మీటరు ఒక కొనను బ్యాటరీ పాజిటివ్ వద్దను, రెండవ కొనను దీపపు కనెక్టరు వెనుక కరెంటు వచ్చు వైరు వద్దను ఉంచవలెను. అర వోల్టునకు మించి చూపినచో పోవు దారిలో నష్టము కలదు. పిదప, ఒక కొనను బ్యాటరీ నెగెటివ్ వద్దను, రెండవ కొనను దీపపు ఎర్తు వైరు వద్దను ఉంచవలెను. ఇక్కడ 0.2 వోల్టులకు మించరాదు. మించినచో తిరుగు దారి చెడినది. కొన్ని బండ్లలో స్విచ్చి ఎర్తు వైపుననే అమర్చియుందురు గనుక బండితో ఇచ్చిన పుస్తకములోని వైరింగు పటమును చూచి పరీక్షించుట మంచిది.

చిన్న నష్టమే కదా అని తీసివేయరాదు. ఒక కనెక్టరులో చిలుము పట్టి పావు ఓము అడ్డు ఏర్పడినదనుకొందము. 55 వాట్ల బల్బు వెలుగునప్పుడు అక్కడ దాదాపు 1 వోల్టు నష్టమగును, సుమారు 4 వాట్ల వేడి పుట్టును. ఆ వేడికి ప్లాస్టికు మెత్తబడును, కాలు వదులగును, అడ్డు ఇంకను పెరుగును. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టుల తగ్గుదలకంటె చాల వేగముగా తగ్గును. వోల్టులు పదింట ఒక వంతు తగ్గిన, వెలుగు పదింట మూడు వంతులు తగ్గును. దీపము వెలుగుచునేయున్నది కాని రోడ్డు కనబడదు అను ఫిర్యాదునకు మూలమిదే.

మేడ్చల్ వైపు ఒక కాయగూరల రైతు చిన్న సరుకుల బండికి పెట్టె మార్చవలెనని దుకాణములో చెప్పిరి. ఎడమ దీపము మందముగా వెలుగుచు, అప్పుడప్పుడు ఆరుచుండెను. రైతువేదికలో కూడినప్పుడు దీపము వేసి పై విధముగా కొలువగా, బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులున్నవి. పోవు దారిలో నష్టము 0.3 వోల్టు మాత్రమే. తిరుగు దారిలో నష్టము 3 వోల్టులు! బల్బునకు దక్కినది 9.1 వోల్టులు. రేడియేటరు ప్రక్కన ఎర్తు బోల్టు క్రింద త్రుప్పు పట్టియుండెను. గరుకు కాగితముతో లోహము మెరయునట్లు గీకి, క్రొత్త రింగు వేసి, బిగించి, గ్రీజు పూయగానే దీపము యథాప్రకారము వెలిగినది. పెట్టె మార్చియున్నను ఆ బోల్టు త్రుప్పు అట్లే ఉండెడిది. వేల రూపాయలు పోయిన పిదప కూడ దీపము మినుకుమనుచునే యుండెడిది.

పెట్టెను ఎప్పుడు అనుమానింపవలెను?

పై మెట్లన్నియు దాటిన పిదపనే. పెట్టెకు వచ్చు ప్రధాన వైరులో కరెంటు నిండుగా ఉండి, స్విచ్చి సంకేతము చేరుచు, ఫ్యూజు, రిలే మంచివై, దీపపు వైరు, ఎర్తు బాగుండి, అయినను పెట్టె నుండి దీపము వైపు కరెంటు వెడలనిచో, అప్పుడు పెట్టె దోషియని చెప్పవచ్చును. నీరు దూరుట, కాళ్ళు వేడికి వదులగుట, లోపలి అతుకులు కుదుపునకు చిట్లుట దీనికి సామాన్య కారణములు. పెట్టె మూత తీసి పచ్చని చిలుము, నల్లబడిన ప్లాస్టికు, తడి జాడలు ఉన్నవేమో చూడవలెను.

కంప్యూటరు గల పెట్టెల విషయమున రెండు హెచ్చరికలు. వైరు ఎక్కడనో తగులుచున్నచో ఇట్టి పెట్టె తన్ను తాను రక్షించుకొనుటకు దీపమునకు కరెంటు ఆపివేయును. పెట్టె చచ్చినదని తోచును, నిజమునకు అది కాపలా కాయుచున్నది. లోపము సరిచేయక క్రొత్త పెట్టె పెట్టినను అదియు అట్లే ఆపును. రెండవది, కొన్ని పెట్టెలు దీపమునకు కరెంటును తునుకలు తునుకలుగా పంపును గనుక మామూలు మీటరు తక్కువ వోల్టులు చూపవచ్చును. అట్టిచోట స్కానరు గల మెకానిక్కు సహాయము తీసికొనవలెను. పెట్టె కనెక్టర్లు ఊడదీయుటకు ముందు బ్యాటరీ నెగెటివ్ కొనను విప్పవలెను, పని ముగిసిన పిదప దానిని చివరగా బిగింపవలెను.

పెట్టెయే నిజముగా చెడిన సందర్భమున కూడ పెట్టెనంతటిని మార్చుట ఒక్కటే దారి కాదని తెలుపు ఉదాహరణము కలదు. 2014లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ 2011 నమూనా జీప్ గ్రాండ్ చెరోకీ, డాడ్జ్ డురాంగో బండ్లను లక్షా ఎనభై వేలకు పైగా వెనుకకు పిలిపించినది. పవర్ మాడ్యూలు లోపల ఇంధనపు పంపు రిలే వేడికి చెడి ఇంజను ఆగుట అందుకు కారణము. సంస్థవారు చేసిన చికిత్స ఏమనగా, ఆ ఒక్క రిలే పనిని పెట్టె బయట అమర్చిన వేరొక రిలేకు అప్పగించుట. లోపము ఏ భాగమందున్నదో తేలినప్పుడు చికిత్స ఎంత చిన్నదగునో ఇందువలన తెలియును.

మన బండ్లలో ఈ లోపములేల?

ఎలుకలు మొదటి శత్రువులు. ధాన్యము, దాణా నిలువయున్న కొట్టములో బండి నిలిపినచో అవి బానెటు లోపల చేరి వైరు కొరుకును. యూరియా, పొటాషు బస్తాలు మోసిన పిదప రాలిన పొడి తేమను పీల్చి లోహమును తినివేయును. పెద్ద ఒత్తిడి గల నీటితో ఇంజను భాగమును కడుగునప్పుడు కనెక్టర్లలోనికి నీరు దూరును. ట్రాలీ దీపములకును, పాటల పెట్టెకును, అలంకారపు ఎల్‌ఈడీ పట్టీలకును హెడ్‌లైటు వైరును గీకి అతుకులు వేయుట మరియొక దురభ్యాసము. ఏ అదనపు దీపమునకైనను వేరు ఫ్యూజు, వేరు రిలే అమర్చి బ్యాటరీ నుండి తీసికొనవలెను. ఈ నాలుగును మాన్పుట మన చేతిలోని పని.

కొందరి ఆక్షేపణలు

రైతు మెకానిక్కు కాడు, ఈ పరీక్షలు అతనికేల అని కొందరందురు. ఆకుపై మచ్చ చూచి తెగులో, పురుగో, పోషక లోపమో నిర్ణయించుకొనుమని మేము రైతునకు చెప్పుచునే యున్నాము. కారణము తెలియక మందు కొట్టవద్దని హెచ్చరించుచునే యున్నాము. పంటకు పనికివచ్చిన నియమము బండికి ఏల పనికిరాదు? రైతు పెట్టెను విప్పి అతుకులు వేయనక్కరలేదు. ఎక్కడ కరెంటు ఉన్నదో, ఎక్కడ లేదో తెలిసికొనిన చాలును. ఆ మాట చెప్పగల రైతును దుకాణదారు త్రోవ తప్పించలేడు, నిజాయితీ గల మెకానిక్కునకు అతడు సగము శ్రమ తగ్గించును.

కోతల కాలములో తీరిక ఉండదని మరికొందరందురు. నిజమే. అందుచేతనే ఈ పని కోతలకు ముందు చేయవలెను. వారంటీలో ఉన్న బండి విషయమున మాత్రము ఫ్యూజు, బల్బు, బ్యాటరీ కొనలు చూచుటతో ఆగి, మిగిలిన పని కంపెనీ సర్వీసు వారికే అప్పగింపవలెను. లేనిచో వారంటీ హక్కు పోవచ్చును.

గ్రామాధికారులు చేయదగినది

మన రాష్ట్రమున 2,601 వ్యవసాయ క్లస్టర్లకు రైతువేదికలు ఏర్పాటు చేయబడినవి. విత్తనము, ఎరువు, తెగుళ్ళు గురించి అచ్చట చర్చించుచున్నాము. వానాకాలమునకు ముందొక దినము, యాసంగికి ముందొక దినము బండి దీపముల పరీక్షకు కేటాయింపవలెనని నా సూచన. దగ్గరి ఊరి ఆటో ఎలక్ట్రీషియను నొకనిని పిలిపించి, ఒక మల్టీమీటరు, కొన్ని ఫ్యూజులు, బల్బులు, ఎఱ్ఱని ప్రతిఫలన పట్టీలు సిద్ధముగా ఉంచినచో చాలును. అద్దె యంత్ర కేంద్రములవారు ప్రతి ట్రాక్టరును బయటికి పంపుటకు ముందు దీపములు వెలిగించి చూచి పుస్తకములో వ్రాసికొనవలెను. పంచాయతీ కార్యదర్శులు ఊరిలోని ట్రాలీలకు వెనుక పట్టీలు అంటింపజేయవలెను. బల్బు ఎంత మంచిదైనను ఒకనాడు కాలును, పట్టీ కాలదు.

నిధులు కావలెనని దీనిని వాయిదా వేయ నవసరము లేదు. కావలసినది ఒక పూట సమయము. రైతులకు నేను మనవి చేయునది ఇంతే. ఈ వారముననే ఒక సాయంకాలము బండిని గోడకెదురుగా నిలిపి హై బీము, లో బీము, వెనుకదీపములు వేసి చూడుడు. ఒక దీపము రెండవదానికంటె మందముగా ఉన్నచో, అది ఆరువరకు ఆగక ఎర్తు బోల్టు విప్పి గీకుడు. ఫ్యూజు పెట్టెలో తీగముక్క కనబడినచో దానిని తీసి పారవేసి, మూతపై వ్రాసిన తరగతి ఫ్యూజును పెట్టుడు. అది కాలినచో కారణము వెదకుడు. పెట్టె కొనుటకు డబ్బు తీయుటకు ముందు, దీపము వేసి తీసిన రెండు కొలతలు చూపుమని మెకానిక్కును అడుగుడు.